తెల్లరంగు ట్యూబు ఏమైంది?

స్కాట్లాండ్ నైరుతి మూల గాలోవే ప్రాంతంలో, మిన్నక్ వాగు పక్కన ఒక నిటారు గట్టు. గట్టు మీద ఈజిల్ నిలబెట్టి ఉంది. దాని మీద సగం పూర్తయిన ప్రకృతి చిత్రం, రంగు ఇంకా ఆరలేదు. కింద రాళ్ల మధ్య, నీళ్లలో, ఆ చిత్రకారుడు క్యాంప్‌బెల్ శవం. బొమ్మ ఎలా వస్తోందో చూసుకుందామని నాలుగడుగులు వెనక్కి వేసి, కాలు జారి పడిపోయాడని అందరూ అనుకుంటారు. డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ మాత్రం అతని సంచీలో ఉన్న రంగు ట్యూబులన్నీ చూస్తాడు, జేబులు చూస్తాడు, ఉండాల్సిన వస్తువు ఒకటి లేదని గ్రహిస్తాడు. అదేమిటో, దాన్ని ఎందుకు వెతకాలో పోలీసు సార్జెంటుకు వివరంగా చెబుతాడు. పాఠకుడికి మాత్రం చెప్పడు. సరిగ్గా అక్కడ రచయిత్రి బ్రాకెట్లలో ఒక చిన్న గమనిక పెడతారు. ఆ వివరాలు తెలివైన పాఠకుడు తనంతట తానే తెలుసుకోగలడు కాబట్టి ఇక్కడ వదిలేశామని చెప్పి, కథను ముందుకు నడిపిస్తారు.

1931లో లండన్‌లో విక్టర్ గొలాంజ్ ప్రచురించిన ఈ నవల పేరు 'ఫైవ్ రెడ్ హెరింగ్స్', రచయిత్రి డొరొతీ ఎల్. సేయర్స్. అనుమానితులు ఆరుగురు, ఆరుగురూ చిత్రకారులే. ఐదుగురు మనల్ని పక్కదారి పట్టించడానికి ఉన్నవాళ్లు, ఒకడు హంతకుడు. బ్రిటిష్ అపరాధ పరిశోధక నవలకు స్వర్ణయుగం అనదగ్గ ఆ రెండు దశాబ్దాల్లో, రెండు యుద్ధాల నడిమి కాలంలో, ఇంత తెగువగా రాసిన పేజీ నాకు మరొకటి తగల్లేదు. ఆ పేజీ ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే ముందు రచయిత్రికి వచ్చిన కోపం గురించి చెప్పాలి.

సేయర్స్ 1893లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి చర్చి గురువు. సోమర్‌విల్ కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆడవాళ్లకు పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టిన 1920లో పట్టా అందుకున్న తొలి తరం స్త్రీలలో ఆమె ఒకరు. 1922లో లండన్‌లోని ఎస్. హెచ్. బెన్సన్ ప్రకటనల కంపెనీలో రాతపనికి చేరారు. మరుసటి ఏడాదే విమ్సీ మొదటి నవల 'హూజ్ బాడీ?' వచ్చింది. 1930 నాటికి ఆమెకు పేరూ ఉంది, పాఠకులూ ఉన్నారు. ఆ ఏడాది రెండు పుస్తకాలు వెలువడ్డాయి. ఒకటి 'స్ట్రాంగ్ పాయిజన్'. రెండోది రాబర్ట్ యూస్టస్‌తో కలిసి రాసిన 'ది డాక్యుమెంట్స్ ఇన్ ది కేస్'. ఈ రెండో దానిలోనూ ఒక చిత్రకారుడు ముఖ్యపాత్ర.

విమర్శకులు కొందరు ఒకే మాట పట్టుకున్నారు: సేయర్స్ నవలల్లో హంతకుడెవరో ముందే తెలిసిపోతోందని. ఆమెకు అది నచ్చలేదు. హంతకుడు ఎవరో తెలిసిపోయినప్పుడే పాఠకుడు అంతకంటే రుచికరమైన ప్రశ్న మీద, అంటే పని ఎలా చేశాడన్న దాని మీద, మనసు పెట్టగలడని ఆమె నమ్మకం. అయినా జనానికి హంతకుణ్ణి కనిపెట్టే ఆటే కావాలంటే ఈ ఒక్కసారికి ఆడిస్తాననే ధోరణిలో ప్రచురణకర్త గొలాంజ్‌కు ఉత్తరం రాశారు. ఆ పట్టుదలతోనే ఒకరికి ఆరుగురు అనుమానితులను నిలబెట్టారు. ఆరుగురికీ క్యాంప్‌బెల్‌తో తగాదా ఉంది, ఆరుగురికీ బొమ్మ వేయడం వచ్చు, ఆ రోజు ఎక్కడున్నారంటే ఆరుగురూ సరైన జవాబు చెప్పలేరు.

ఆట అంటే నియమాలు ఉండాలి కదా. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఈ నియమాలను చాలా గంభీరంగా పట్టించుకునేవాళ్లు. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే చర్చి గురువు, ఆయనా డిటెక్టివ్ నవలలు రాసినవాడే, పది ఆజ్ఞల్లాంటి పది సూత్రాలు రాసి పెట్టాడు. 1930లో డిటెక్షన్ క్లబ్ ఏర్పడింది. జి. కె. చెస్టర్‌టన్ అధ్యక్షుడు, ఆంథొనీ బర్క్‌లీ, అగాథా క్రిస్టీ, సేయర్స్ వంటివాళ్లు సభ్యులు. కొత్త సభ్యుల చేత చేయించే ప్రమాణంలో ఒక మాట ఉండేది: కీలకమైన ఆధారాన్ని పాఠకుడికి కనబడకుండా దాచనని. ఆ ప్రమాణం రూపొందించడంలో సేయర్స్ చేయి ఉంది. అలాంటిది, ఏడాది తిరగకముందే నవల మొదట్లోనే డిటెక్టివ్ తెలుసుకున్న ముఖ్య విషయాన్ని ఆమె పేజీలోంచి తీసేయడం మాట తప్పడం కాదా?

కాదనే నా వాదన. సంచీలో ఏయే రంగులున్నాయో ఆమె పాఠకుడి ముందు పరిచేశారు, పేర్లతో సహా. దాచిన ఆధారం ఏదీ లేదు. లేని వస్తువును చూడగలగడం ఒక్కటే మిగిలింది. ఒక జాబితాలో ఏముందో ఎవరైనా చదువుతారు, ఏది లేదో చదవాలంటే ఆ పని తెలిసుండాలి. ఇక్కడే సేయర్స్ తక్కిన వాళ్లకంటే ఒక మెట్టు పైన నిలబడ్డారు. ఆ పని ఆమెకు ఎలా తెలిసిందన్నదే ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

1926లో ఆమె ఆస్వాల్డ్ అథర్టన్ ఫ్లెమింగ్‌ను పెళ్లి చేసుకున్నారు. అందరూ మ్యాక్ అని పిలిచే ఆయన స్కాట్లాండ్ మనిషి, పాత్రికేయుడు, మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొని ఆరోగ్యం చెడగొట్టుకున్నవాడు. తీరిక దొరికితే కుంచె పట్టేవాడు. 1928 ప్రాంతం నుంచి ఈ దంపతులు సెలవులకు గాలోవే వెళ్లడం మొదలుపెట్టారు. ఒక ఊరు గేట్‌హౌస్ ఆఫ్ ఫ్లీట్, రెండోది కిర్కూబ్రీ. రెంటికీ మధ్య దూరం ఎక్కువేమీ కాదు. అక్కడికి వచ్చేవాళ్లు రెండు రకాలు: చేపలు పట్టేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు. నవల మొదలయ్యేది కూడా ఆ సంగతితోనే.

కిర్కూబ్రీని చూస్తే చిత్రకారులు అక్కడెందుకు చేరారో అర్థమవుతుంది. డీ నది సముద్రంలో కలిసే ముందు విశాలమైన ముఖద్వారంగా మారే చోట ఉంది ఆ ఊరు. పోటు వచ్చినప్పుడు రేవు నిండా నీళ్లు, ఆటు వేళ మెరిసే బురద. ఆ బురద మీద, నీటి మీద పడి తిరిగివచ్చే వెలుగు గంటగంటకూ మారుతుంది. చేపల పడవలు, కోట శిథిలం, సూటిగా సాగి ఒకచోట మలుపు తిరిగే హై స్ట్రీట్, ఆ వీధిలో రంగురంగుల గోడల ఇళ్లు, ఇళ్ల మధ్య సందులు, సందుల చివర స్టూడియోలు. ఆ రోజుల్లో గ్లాస్గో నగరానికి రైలు ఉండేది, కాబట్టి బొమ్మలు అమ్ముకునే చోటు అందని దూరంలో ఉండేది కాదు. అద్దెలు తక్కువగా ఉండేవి.

ఈ ఊరి చిత్రకారుల్లో పెద్ద పేరు ఇ. ఎ. హార్నెల్‌ది. ఆస్ట్రేలియాలో పుట్టినా పెరిగింది ఇక్కడే. గ్లాస్గో బాయ్స్ అన్న బృందంలో ఒకడు. 1893లో మిత్రుడు జార్జ్ హెన్రీతో కలిసి జపాన్ వెళ్లి, ఏడాదికి పైగా అక్కడ ఉండి వచ్చాడు. 1901లో హై స్ట్రీట్‌లోని బ్రౌటన్ హౌస్ కొనుక్కుని, వెనక తోట పెంచి, 1933లో చనిపోయేదాకా అక్కడే బొమ్మలు వేశాడు. పారిస్‌లో ఉంటూ వచ్చిన జెస్సీ ఎం. కింగ్, ఆమె భర్త ఇ. ఎ. టేలర్ 1915లో వచ్చి గ్రీన్‌గేట్ అన్న ఇంట్లో స్థిరపడ్డారు. జెస్సీ పుస్తకాలకు బొమ్మలు వేయడంలో ఆ కాలంలో చాలా పేరున్న చిత్రకారిణి. ఆ ఇంటి వెనక సందులో ఉన్న చిన్న ఇళ్లలో పనిచేసుకోవడానికి ఎందరో స్త్రీ చిత్రకారులు వచ్చేవాళ్లు. మాంచెస్టర్‌లో పుట్టిన చార్ల్స్ ఒపెన్‌హైమర్ మంచు కప్పిన కప్పులను, రేవును ఏళ్ల తరబడి గీశాడు. ఎడిన్‌బరో నుంచి ఎస్. జె. పెప్లో మళ్లీ మళ్లీ వచ్చిపోతుండేవాడు. ఫ్లెమింగ్ దంపతులు ఆ హై స్ట్రీట్‌లోనే ఒక స్టూడియో అద్దెకు తీసుకుని వేసవులు గడిపారు.

అక్కడ మ్యాక్ బొమ్మలు వేసేవాడు, డొరొతీ రాసుకునేవారు. చుట్టూ అన్నీ స్టూడియోలే. చిత్రకారుల లోకం గురించి రాసేవాళ్లు చాలామంది బయటి నుంచి చూస్తారు. వాళ్ల కళ్లకు తాగుడు, ప్రేమ వ్యవహారాలు, అప్పులు, పిచ్చి కోపాలు కనిపిస్తాయి. సేయర్స్ పుస్తకంలో అవీ ఉన్నాయి. కిర్కూబ్రీ సారాయి హోటల్లో స్కాట్లాండ్ వాడైన క్యాంప్‌బెల్, ఇంగ్లండ్ వాడైన వాటర్స్ కొట్టుకోబోవడంతోనే కథ మొదలవుతుంది. కానీ ఆమె చూసింది అంతవరకే అయితే ఈ పుస్తకం గురించి రాయాల్సిన అవసరం నాకు ఉండేది కాదు. పనివాడి చేతిని ఆమె చూశారు. ఎవరు రంగును కుంచెతో పూస్తారు, ఎవరు కత్తితో దట్టంగా పెడతారు, ఎవరు ట్యూబు మూత బిగించి పెట్టెలో వరసగా సర్దుతారు, ఎవరు ఎక్కడ పడితే అక్కడ పడేస్తారు, ఇవన్నీ ఆమె కథకు పనికొచ్చాయి. ఈ చూపు కొత్తగా వచ్చింది కూడా కాదు. 1928లో వచ్చిన కథల సంపుటి 'లార్డ్ పీటర్ వ్యూస్ ది బాడీ'లో రెండు కథలు ఈ దారిలోనివే. ఒకదానిలో, ప్రకటనల కంపెనీలో పనిచేసే చిత్రకారుడు తన పై అధికారిని గీసిన చిత్రాన్ని చూసి విమ్సీ ఇద్దరి మధ్య సంబంధాన్ని చదువుతాడు. మరొకదానిలో శిల్పి ఇంట్లో లోహపు పూత వేసే తొట్టి భయంకరమైన ఆధారమవుతుంది. బెన్సన్ ఆఫీసులో ఆమె పక్కన పనిచేసినవాళ్లలో గిన్నెస్ బీరు పోస్టర్లతో పేరుపడిన జాన్ గిల్‌రాయ్ ఉన్నాడు. పొద్దున లేచింది మొదలు బొమ్మలు వేసేవాళ్ల మధ్యే ఆమె బతుకు గడిచింది.

గేట్‌హౌస్‌లో దంపతులు దిగే చోటు ఆన్‌వొత్ హోటల్. దాని యజమాని జో డిగ్నమ్. పుస్తకం అతనికే అంకితం. ముందుమాట కూడా అతనికి రాసిన ఉత్తరమే: ఇదుగో చివరికి మీ ఊరి పుస్తకం అని. అందులో ఊళ్లు నిజమైనవేనని, రైళ్లు నిజమైనవేనని, కొండలూ దారులూ ఉన్నవున్నట్టే ఉన్నాయని, కథకు కావలసిన కొన్ని ఇళ్లు మాత్రం కొత్తగా కట్టానని చెప్పుకున్నారు. మనుషులు మాత్రం ఎవరినీ పోలినవాళ్లు కారని, గాలోవే చిత్రకారుడెవడూ పెళ్లాన్ని వదిలి పారిపోడని, తోటివాడి తల పగలగొట్టడని హామీ కూడా ఇచ్చారు. వేసవికి మళ్లీ అదే వీధిలో దిగాలి మరి.

రైళ్ల సంగతి ఆమె ఊరికే అనలేదు. డంఫ్రీస్ నుంచి కాసిల్ డగ్లస్ మీదుగా స్ట్రాన్‌రార్ దాకా, ఐర్లండ్ పడవలను అందుకోవడానికి వేసిన లైను అది, 1861లో మొదలైంది. గేట్‌హౌస్ స్టేషను ఊరికి ఆరు మైళ్ల దూరంలో, బోడి కొండల మధ్య ఉండేది. హంతకుడు ఎప్పుడు ఎక్కడ ఉండగలడో ఈ దూరాల మీద ఆధారపడి ఉంది. స్టేషనుకు చేరడానికి సైకిలు కావాలి, సైకిలు ఎక్కడో వదిలేయాలి, గ్లాస్గో వైపు బండి అందుకోవాలి, టికెట్ మీద కలెక్టరు గుద్దిన పంచ్ గుర్తు సరిపోవాలి. టికెట్ల మతలబు గురించి అంతకు ముందు ఏడాది జె. జె. కానింగ్టన్ రాసిన నవలను ఈ పుస్తకంలోని పాత్రలే ప్రస్తావించుకుంటాయి. రైల్వే ఇంజినీరుగా పనిచేసి డిటెక్టివ్ నవలలకు మళ్లిన ఫ్రీమన్ విల్స్ క్రాఫ్ట్స్ కూడా 1930లో ఈ స్ట్రాన్‌రార్ దారినే కథలోకి తెచ్చాడు. టైమ్‌టేబుల్ ఆ రోజుల్లో డిటెక్టివ్ రచయితలందరి బల్ల మీదా ఉండే పుస్తకం.

ఇక ట్యూబు. సగం ఆవిష్కరణ ఆమెది, మిగతా సగం ఆమెకు తొంభై ఏళ్ల ముందరి ఒక చిత్రకారుడిది. జాన్ గాఫ్ రాండ్ అమెరికావాడు, లండన్‌లో ఉంటూ మనుషుల చిత్రాలు గీసుకునేవాడు. అంతకు ముందు నూనెలో నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తిలో కట్టి అమ్మేవాళ్లు. వాడేటప్పుడు సూది మొనతో గుచ్చి, రంగు పిండుకుని, మళ్లీ ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. తిత్తి చిట్లిపోతుంది, రంగు గట్టిపడుతుంది, సంచీలో వేసుకుని వాగు ఒడ్డుకు పోవడం తలనొప్పి వ్యవహారం. రాండ్ 1841లో పల్చటి తగరపు గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. నొక్కితే కావలసినంతే వస్తుంది, తీసుకున్న మేర గొట్టం నలిగి ముడుచుకుంటుంది కాబట్టి లోపలికి గాలి పోదు. అలా రంగు నెలల తరబడి మెత్తగా ఉండిపోయింది. స్టూడియోకు కట్టుబడిన నూనెరంగు ఆరుబయటికి నడిచింది. ఫ్రాన్స్‌లో ఇంప్రెషనిస్టులు నదుల ఒడ్డున, గడ్డివాముల పక్కన బొమ్మలు వేయగలిగారంటే కారణాల్లో ఈ గొట్టం ఒకటి. క్యాంప్‌బెల్ మిన్నక్ గట్టు మీద ఈజిల్ పెట్టుకోగలిగిందీ దీని వల్లే.

ఈ గొట్టాల్లో అన్నిటికన్నా ముందు ఖాళీ అయ్యేది తెలుపు. నూనెరంగులతో పని చేసినవాళ్లను ఎవరినైనా అడగండి. ఆకాశానికి నీలంలో తెలుపు, మబ్బుకు తెలుపు, దూరపు కొండకు ఊదాలో తెలుపు, రాతికి, పొగమంచుకు, నీటి నురుగుకు తెలుపు. నీటిరంగుల్లో అయితే కాగితమే తెలుపు, రంగు పలచబరిస్తే చాలు. నూనెరంగులో అలా కుదరదు, వెలుగు కావాలంటే తెలుపు కలపాల్సిందే. అందుకే దుకాణాల్లో తెల్లరంగును మిగతావాటికంటే పెద్ద ట్యూబుల్లో అమ్ముతారు. ఆ కాలంలో చిత్రకారులు ఎక్కువగా వాడింది సీసంతో చేసే ఫ్లేక్ వైట్. చేతికి చిక్కగా తగిలేది, దట్టంగా పెట్టడానికి వీలుగా ఉండేది.

సంచీలో ఎరుపులు, నీలాలు, పసుపులు ఉన్నాయి. తెలుపు లేదు. బొమ్మ మీద ఉంది, పలక మీద ఉంది, ట్యూబు మాత్రం ఎక్కడా లేదు. వాగులో పడలేదు, గడ్డిలో దొర్లలేదు. అంటే ఎవరో తీసుకుపోయారు. శవం దగ్గరికి వచ్చి తెల్లరంగు ట్యూబు దొంగిలించేవాడు ఉంటాడా? ఉండడు. ఆ ట్యూబుతో అప్పటిదాకా పనిచేసినవాడే అలవాటు కొద్దీ తనతో తీసుకుపోయి ఉండాలి. శవం బిగిసిన తీరు చూస్తే క్యాంప్‌బెల్ చనిపోయింది ముందు రోజే. ఆ పొద్దున గట్టు మీద బొమ్మ వేస్తున్న మనిషిని దారిన పోయేవాళ్లు చూశారు కూడా. అయితే ఆ మనిషి క్యాంప్‌బెల్ కాదు. హంతకుడు శవాన్ని వాగులో పడేసి, దాని పైన గట్టు మీద కూర్చుని, చనిపోయినవాడి శైలిలో బొమ్మ వేశాడు. ఈ పని చిత్రకారుడు తప్ప ఎవరూ చేయలేరు. గేట్‌హౌస్, కిర్కూబ్రీ పరిసరాల్లోని జనమంతా పక్కకు తప్పుకుని ఆరుగురు మాత్రమే మిగిలారు. ఒక తగరపు గొట్టం కనబడకపోవడం వల్ల ఇదంతా తెలిసింది. నిర్మాణం దృష్ట్యా నాకు తెలిసిన డిటెక్టివ్ నవలలన్నిటిలో ఇంత పొదుపైన ఆధారం అరుదు.

పోలీసులు ఒక్కొక్కరు ఒక్కొక్కరిని హంతకుడిగా నిలబెట్టి వాదించే అధ్యాయాలు తరవాత వస్తాయి. 1929లో ఆంథొనీ బర్క్‌లీ 'ది పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్'లో ఒకే హత్యకు ఒకదాని తరవాత ఒకటి పరిష్కారాలు పేర్చి చూపించాడు. సేయర్స్ ఆ పద్ధతిని గాలోవే పోలీస్ స్టేషనుకు తెచ్చి, వాళ్ల నోట స్థానిక స్కాట్స్ యాసను నిండుగా పలికించారు. ఇంకా తరవాత విమ్సీ నేరమంతా మొదటి నుంచి చివరి దాకా నటించి చూపిస్తాడు. తానే హంతకుడి పాత్ర వేసి, సైకిలు తొక్కి, రైలెక్కి, గట్టు మీద కూర్చుని గడియారం చూసుకుంటూ బొమ్మ కూడా వేస్తాడు. ఆ బొమ్మకు ఎంతసేపు పడుతుందన్నది కేసులో లెక్క. ఆరుగురిలో ఎవరన్నది చెప్పను. పుస్తకం ఇంకా అచ్చులో ఉంది.

లోపం కూడా చెప్పుకోవాలి. నవల మధ్యభాగం బరువుగా నడుస్తుంది. ఏ రైలు ఏ స్టేషనులో ఎన్ని నిమిషాలు ఆగిందో, ఎవరి సైకిలు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో పేజీలకు పేజీలు సాగుతుంది. ఆరుగురు చిత్రకారుల్లో ఇద్దరు ముగ్గురు చాలాసేపు పేర్లుగానే మిగిలిపోతారు. సేయర్స్ అభిమానుల్లోనే ఎంతోమంది ఈ పుస్తకాన్ని పక్కన పెట్టేయడం ఇందుకే. వాళ్ల అభిప్రాయాన్ని కాదనను గానీ, వాళ్లు పక్కన పెట్టేసే దానిలో ఆమె చేసిన అసలైన పని ఉందని గట్టిగా నమ్ముతాను. టైమ్‌టేబుల్ భాగాన్ని క్రాఫ్ట్స్ రాయగలడు, కానింగ్టన్ రాయగలడు. ట్యూబు భాగాన్ని సేయర్స్ మాత్రమే రాయగలిగారు.

ఆ మాటకొస్తే, చిత్రకళా ప్రపంచంలో జరిగే హత్య అనే ఈ తరహా బ్రిటిష్ నవల మొత్తం ఇళ్లలోంచే వచ్చింది. మార్జరీ ఆలింగ్‌హామ్ భర్త ఫిలిప్ యంగ్‌మన్ కార్టర్ చిత్రకారుడు. ఆమె 1934లో రాసిన 'డెత్ ఆఫ్ ఎ ఘోస్ట్'లో లాఫ్కాడియో అనే పెద్ద చిత్రకారుడు పన్నెండు చిత్రాలను మూసి పెట్టి, తాను పోయిన పదేళ్ల నుంచి ఏటా ఒకటి చొప్పున ప్రదర్శించమని ఏర్పాటు చేసి చనిపోతాడు. బతికున్నప్పుడు ఉన్న పేరు పోయాక నిలుస్తుందా అన్న భయం, చిత్రాల ధరలు, ధరలను నడిపించే దళారి, వీటన్నిటినీ ఆలింగ్‌హామ్ లోపలి మనిషిలా రాశారు. ఒక ప్రదర్శన రోజున లైట్లు ఆరిపోవడం, ఆ చీకట్లో హత్య జరగడం ఊహించుకోవచ్చు. లైట్లు ఆరిపోయింది మాత్రం కరెంటు మీటర్లో నాణెం అయిపోయినందువల్ల. అలాంటి చిన్న ఇంటి విషయాలే ఈ పుస్తకాన్ని నమ్మిస్తాయి.

న్యూజిలాండ్‌కు చెందిన నైయో మార్ష్ అయితే చిత్రకళే చదువుకున్నారు, క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ కాలేజ్ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో. అక్కడి కొత్త తరం చిత్రకారులు పెట్టుకున్న 'ది గ్రూప్'తో కలిసి ప్రదర్శనలూ చేశారు. 1938లో వచ్చిన 'ఆర్టిస్ట్స్ ఇన్ క్రైమ్'లో ఇంగ్లండ్ పల్లెలో ఒక చిత్రకారిణి నడిపే శిక్షణ తరగతి. మోడల్ అమ్మాయి రోజూ ఒకే భంగిమలో పడుకోవాలి. పడుకునే వేదిక మీద, గుడ్డ కింద, సుద్దతో గుర్తులు గీసి పెట్టిన సరిగ్గా అదే చోట, కత్తి నిలబెట్టి ఉంటుంది. మోడల్‌ను ప్రతిసారీ అదే స్థితిలోకి ఎలా తెస్తారో తెలియనివాళ్లకు ఈ హత్య తట్టదు. డిటెక్టివ్ ఆలెన్‌కు చిత్రకారిణి అగాథా ట్రాయ్ పరిచయమయ్యేది కూడా ఈ పుస్తకంలోనే, ఫిజీ దీవుల్లోని సూవా రేవు నుంచి బయలుదేరిన ఓడ మీద ఆమె బొమ్మ వేసుకుంటుండగా. తరవాతి పుస్తకాల్లో ఆమె అతని భార్య.

అగాథా క్రిస్టీ 'ఫైవ్ లిటిల్ పిగ్స్' 1942లో అమెరికాలో, మరుసటి ఏడాది మొదట్లో బ్రిటన్‌లో వచ్చింది. పదహారేళ్ల కిందట బొమ్మ వేస్తూ విషంతో చనిపోయిన అమ్యాస్ క్రేల్ కథ. చివరిగా వేసిన ఆ చిత్రం మిగిలే ఉంది. డిటెక్టివ్ పోయిరో దాని ముందు నిలబడినప్పుడు అది గోడ మీది అలంకారం కాదు, వాంగ్మూలం. క్రిస్టీ ఇంట్లో చిత్రకారులు లేరు గానీ, తన సొంత ఇల్లు గ్రీన్‌వే తోటలో నదికి ఎదురుగా ఉన్న పాత ఫిరంగి మెట్టను ఆమె ఆ బొమ్మ వేసే చోటుగా మార్చుకున్నారు. ఈ నాలుగు పుస్తకాల్లో ఏది గొప్పదంటే నేను క్రిస్టీ వైపే మొగ్గుతాను, మనుషుల కోసం. పనితనం కోసమైతే మార్ష్, సేయర్స్.

గేట్‌హౌస్ స్టేషను మీదుగా నడిచిన లైను 1965లో మూతపడింది. నవలలోని రైళ్లు నిజమైనవని జో డిగ్నమ్‌కు రాసిన మాట ఇప్పుడు ఆ ప్రాంతపు రైల్వే చరిత్ర రాసేవాళ్లకు పనికొస్తోంది. 1975లో బీబీసీ ఇయాన్ కార్మైకల్‌ను విమ్సీగా పెట్టి ఈ నవలను టీవీ కోసం తీసినప్పుడు గాలోవేకే వెళ్లి చిత్రీకరించింది. కిర్కూబ్రీ ఇప్పటికీ చిత్రకారుల ఊరే. హార్నెల్ ఇల్లు, తోట చూడటానికి జనం వెళ్తారు. 2018లో అక్కడ పెద్ద ఆర్ట్ గ్యాలరీ కూడా తెరిచారు.

సేయర్స్ ఇలా పూర్తిగా పజిల్‌గా సాగే నవల మీద మళ్లీ ఇంతగా మనసు పెట్టలేదు. కానీ గాలోవేలో చేతికి వచ్చిన పద్ధతిని వదల్లేదు. 1933లో 'మర్డర్ మస్ట్ అడ్వర్టైజ్' కోసం తాను ఏళ్ల తరబడి పనిచేసిన ప్రకటనల ఆఫీసులాంటి ఆఫీసునే తీసుకుని, విమ్సీని అందులో రాతపనికి కూర్చోబెట్టారు. వార్తాపత్రికలో అచ్చయ్యే ప్రకటన అక్కడ నేరానికి పనిముట్టు. 1934లో 'ది నైన్ టేలర్స్' కోసం, తండ్రి కొలువు చేసిన తూర్పు ఇంగ్లండ్ చిత్తడి నేలల్లాంటి చోట ఒక చర్చి గోపురాన్ని ఎంచుకుని, గంటలు మోగించే వరసల లెక్కలను పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నారు. గంటలు మోగించడం రానివాడికి ఆ మరణం ఎలా జరిగిందో అంతుపట్టదు, తెల్లరంగు వాడనివాడికి మిన్నక్ గట్టు మీది సంచీ అర్థం కానట్టే.